గాదె కింద

"ఇదిగో, సూడు కూర్మయ్యా," అంటూ లక్ష్మీనరసమ్మ చీర అంచు రెండంగుళాలు పైకెత్తి చీలమండ చూపించింది. "నిన్న ఒక్క పూటలో ఇన్ని కుట్టినాయి."

కూర్మయ్య వీధరుగు పక్కన గొంతుక్కూర్చుని, కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. చీలమండ చుట్టూ ఎర్రటి దద్దుర్లు, రెండేసి మూడేసి దగ్గర దగ్గరగా. గోకిన చోట చర్మం లేచిపోయి ఉంది. ఆవిడ పక్కనే దొర వెనక కాలితో చెవి దగ్గర దబదబా గోక్కుంటోంది. దొర అంటే కుక్క. తెల్లని ఒంటి మీద గోధుమరంగు మచ్చలు. ఎప్పుడూ గుమ్మానికి అడ్డంగా పడుకుని, వచ్చినవాళ్ళని లేవకుండానే కళ్ళతో పరీక్ష చేస్తుంది కాబట్టి దానికి ఆ పేరు పెట్టారు. దాని తోడుది బంగారి, పొట్టిది, ఎర్రది. అది తన తోక మొదలు నోటితో అందుకోవాలని ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతోంది.

కూర్మయ్య దొరని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట కింద పలచటి వెంట్రుకలు వేళ్ళతో విడదీశాడు. నువ్వుగింజంత నల్లటి పురుగు ఒకటి చరచరా పరిగెత్తి, అతని గోరు తగిలేలోపల గెంతి మాయమైంది. పిడుదు అయితే ఇంత అవస్థ లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఎడ్ల చెవుల్లోంచీ గేదెల పొదుగుల దగ్గరనుంచీ పిడుదులు పీకిన వేళ్ళవి. పిడుదు పట్టుకున్న చోటు వదలదు. ఈ కుక్కపురుగు అలాగ కాదు. ఇప్పుడుంది, అంతలోనే లేదు.

"పది రోజులు కాలేదు నువ్వు పొడి రాసి," అంది లక్ష్మీనరసమ్మ. "అంతకు ముందోపాలి రాసినావు. రెండుపాళ్ళూ నాలుగు రోజులు బాగుంటాది, అయిదో రోజుకి మళ్ళీ మామూలే. నీ మందులో పస లేదేటి?"

చినగెడ్డవలస పశువుల ఆసుపత్రికి డాక్టరు బొబ్బిలి నుంచి వారానికి ఒక్కరోజు వస్తాడు. మిగిలిన ఆరు రోజులూ ఊరికి కాంపౌండరు కూర్మయ్యే డాక్టరు. ఆ ఆరు రోజుల్లో ఇంతవరకూ అతని మందులో పస లేదని ఎవరూ అనలేదు. గమాక్సిన్ పొడి కచ్చికల బూడిదలో పాళ్ళు చూసి కలిపి, కుక్కల్ని కట్టేసి, నాకకుండా మూతికి గుడ్డ చుట్టి, మెడ దగ్గరనుంచి తోకదాకా ఎదురు వెంట్రుకలకి పట్టించి, గంట ఆగి తన చేతులతోనే నీళ్ళు పోశాడు. పురుగులు నల్లగా నేల మీద రాలాయి. అది ఆవిడా చూసింది.

"మందులో తప్పు లేదమ్మా," అన్నాడు. గొంతు తను అనుకున్నదానికన్నా కొంచెం పెద్దగా వచ్చింది. "మందు పడ్డ రోజున ఒక్కటి మిగిలిందా? లేదు కదా. మళ్ళీ వచ్చినాయంటే ఎవరో బయటినుంచి మోసుకొస్తన్నారన్నమాట. చీర కుచ్చెళ్ళలోనో, గోనెసంచుల్లోనో. ఆ దారి కట్టెయ్యకుండా నేనెన్ని మందులు రాసినా ఒకటే."

సరిగ్గా అప్పుడే దాలమ్మ సాలలోంచి పేడతట్ట నెత్తిన పెట్టుకుని వాకిలి దాటుతోంది. నలభై అయిదేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన నేతచీరలో ఉంది. ఆ ఇంట్లో తుడుపూ అలుకూ సాల పనీ పద్దెనిమిదేళ్ళుగా ఆవిడదే. లక్ష్మీనరసమ్మ ఆ చీర కుచ్చెళ్ళ వైపు చూసింది. ఎదురింటి అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న తాయారు కూడా తలెత్తి చూసింది.

ఆ చూపులు కూర్మయ్య కంటపడ్డాయి. తను అన్నది అది కాదని చెప్పడానికి ఒక్క క్షణం ఉంది. ఆ క్షణంలో లక్ష్మీనరసమ్మ లోపలికెళ్ళి మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చింది. తాగేసి, మూతి తుడుచుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

*

బుధవారం మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ బుల్లమ్మ మొగుడి మొహం కేసి చూడకుండా అంది.

"దాలమ్మని బుగతమ్మ మానిపించేసినాదట." లక్ష్మీనరసమ్మది భూస్వాముల ఇల్లు. ఊళ్ళో అందరూ ఆవిడని బుగతమ్మ అనే అంటారు.

కూర్మయ్య చేతిలో ముద్ద ఆగింది. "ఎందుకూ?"

"ఎందుకేటి, నువ్వే సెప్పినావట కదా. కుక్కపురుగులు అదే మోసుకొస్తన్నాదని."

"నేనలాగ అన్లేదు. ఎవరో మోసుకొస్తన్నారన్నాను."

"ఎవరో అంటే ఎవరు? ఆ ఇంట్లోకి ఎల్లొచ్చీది ఇద్దరే. పాలికాపు సూరయ్య వాకిట్లోంచే ఎల్లిపోతాడు. ఇంకెవరు మిగిలినట్టు?" బుల్లమ్మ చారు పోసి గరిటె గిన్నెలో వదిలేసింది. "తాయారు కూడా వడ్లు దంచడానికి రావద్దన్నాదట. నూతి కాడ అందరూ అదే మాట. నీళ్ళు తోడుతుంటే పక్కకి జరిగి నిలబడుతన్నారు. పేడతట్ట మోసినన్నాళ్ళూ లేనిది, ఇప్పుడు పురుగులొచ్చినాయట!"

"పల్లెటూరి మనుషులు ఏదో ఒకటి..."

"మందు పనిచెయ్యలేదని ఒక్క మాట అనీసుంటే నీ సొమ్మేటి పోయీది?"

పంతొమ్మిదేళ్ళ సంసారంలో బుల్లమ్మ ఇలాంటి ప్రశ్నలు నాలుగో అయిదో వేసి ఉంటుంది. వేసినప్పుడల్లా అతను చారన్నం త్వరగా తినేసి లేచిపోయేవాడు. ఈసారీ లేచాడు. కానీ చెయ్యి కడుక్కుంటుంటే ఒక ఆలోచన వచ్చి కొంచెం ధైర్యం కలిగింది. దాలమ్మ ఇంట్లో నిజంగానే పురుగులుంటే? ఉండొచ్చు కదా. అప్పుడు తనన్నది తప్పు కాదు, ఉన్నమాటే. ఆవిడ ఇంటికే వెళ్ళి చూసి, అక్కడా ఇంత పొడి చల్లేస్తే, రెండు పక్కలా పని చక్కబడిపోతుంది.

ఉతికిన తెల్లపంచె తీసి కట్టుకున్నాడు. తెల్లగుడ్డ మీద పురుగు పడితే దాగలేదు. పొడి డబ్బా సంచిలో వేసుకుని బయల్దేరాడు.

ఊరి చివర, గెడ్డ గట్టు దగ్గర దాలమ్మ ఇల్లు. తాటాకు కప్పు, మట్టిగోడలు. తలుపు పక్కన మలేరియా వాళ్ళు జాజుతో రాసిపోయిన తేదీ, '14-8-68', ఇంకా ఎర్రగానే ఉంది. వాకిట్లో దాలమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని చేటలో చోళ్ళు చెరుగుతోంది. అతన్ని చూసి లేవబోయింది.

"కూకో, కూకో," అని అతనే పైకి ఎక్కి అరుగు మీద కూర్చున్నాడు. ఏమని మొదలుపెట్టాలో తోచలేదు. "మీ మేకకి కాలివాపు తగ్గిందా?"

"అది కిందటేడు మాట బాబూ. ఆ మేక ఇప్పుడు నేదు."

అరుగు నున్నగా, అద్దంలా ఉంది. పేడా ఎర్రమట్టీ కలిపి అలికి, అంచులకి సుద్ద గీత గీసింది. కూర్మయ్య దాహం అడిగాడు. ఆవిడ మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళితే తనూ వెనకాల గుమ్మం దాకా వెళ్ళి, ఒక కాలు లోపల పెట్టి, నిలబడ్డాడు. కుండలు వరసగా బోర్లించి ఉన్నాయి. నులకమంచం గోడకి నిలబెట్టి ఉంది. బొంత బయట దండెం మీద ఎండలో ఉంది. మూలల్లో కూడా ధూళి లేదు. కుక్క లేదు, పిల్లి లేదు. చెంబెడు నీళ్ళూ నెమ్మదిగా తాగి పంచె కిందికి చూసుకున్నాడు. మడమ దగ్గర్నుంచి మోకాలి దాకా మల్లెపువ్వులా ఉంది. ఒక్క మచ్చ లేదు.

దాలమ్మ అతని చూపు పంచె మీద ఆగడం చూసింది.

"అగుపించినాయా బాబూ?" అంది.

కూర్మయ్యకి చెవులు వేడెక్కాయి. తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆవిడ మళ్ళీ చేట అందుకుంది. చోళ్ళు పైకి లేచి, ఒక్క గింజ బయటపడకుండా చేటలోనే పడుతున్నాయి. పొట్టు గాలికి పోతోంది. కోపంగా ఏదైనా అంటుందేమోనని చూశాడు. అనలేదు. అనకపోవడమే ఇబ్బందిగా ఉంది.

"దాలమ్మా," అన్నాడు. "ఆ కుక్కలు మధ్యాన్నం పూట ఎక్కడ పడుకుంటాయి?"

"బంగారి బుగతమ్మ మంచం కింద. దొర గాదె గదిలో. గాదె కింద సల్లగుంటాది."

"గాదె కింద ఎవరు తుడుస్తారు?"

చేట ఆగింది. "నానే తుడిసీదాన్ని."

"ఇప్పుడు?"

"ఇప్పుడు తుడవను. గది తుడుస్తాను. గాదె కిందకి దూరను."

"ఎందుకు?"

ఆవిడ చోళ్ళలో ఒక రాయి ఏరి అవతలికి విసిరింది. మరో రాయి కోసం వెతికింది. దొరకలేదు. అప్పుడు చెప్పింది.

"మా అత్త ఆ ఇంట్లో పన్జేసిన కాడ్నించీ గాదె కింద రాలిన గింజలు తుడిసినోళ్ళవి. మట్టీ ఎలక పెంటికలూ కలిసిన గింజలు బాబూ. సెరిగి, కడిగి, కోళ్ళకి ఏసుకుంటాం. పెద్దబుగత ఉన్నన్నాళ్ళూ ఎవరూ ఏటనలేదు. ఈ ఆషాడంలో ఒకరోజు నేను గాదె కిందనుంచి ఎనక్కి పాకి వస్తన్నాను. బుగతమ్మ గుమ్మం కాడ నిలబడున్నాది. సెంగు ఇప్పమన్నాది. ఇప్పినాను. గుప్పెడు గింజలున్నాయి. 'గాదె ఎందుకు దిగిపోతన్నాదో ఇప్పుడు తెలిసినాది' అన్నాది. తాయారమ్మ అప్పుడక్కడే ఉన్నాది." ఆవిడ చేట పక్కన పెట్టింది. "అక్కడే దులిపేసి లేసి వచ్చీసినాను. మల్లీ కిందకి దూరనేదు. దొంగ అనిపించుకుని దూరడం ఎందుకు బాబూ? బుగతమ్మా మల్లీ తుడవమని సెప్పనేదు."

కూర్మయ్య వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం. నాలుగు నెలలు. మొదటిసారి లక్ష్మీనరసమ్మ కుక్కలు గోక్కుంటున్నాయని కబురు పంపింది భాద్రపదంలో.

పొడి డబ్బా సంచిలోనే ఉండిపోయింది. లేచి, చెంబు ఆవిడకి అందించి, "రేపొకసారి ఆ ఇల్లు చూసొస్తాను," అని మాత్రం అన్నాడు.

*

గురువారం పొద్దున్న కూర్మయ్య ఆసుపత్రి బీరువాలోంచి డాక్టరు గారి భూతద్దం తీసి జేబులో వేసుకున్నాడు. మళ్ళీ ఉతికిన పంచె కట్టాడు. లక్ష్మీనరసమ్మ అప్పుడే సాలలోంచి వస్తోంది. పేడ తియ్యడం అలవాటు తప్పి చాలా ఏళ్ళయింది కాబోలు, మోచేతుల దాకా పూసుకుంది.

"ఇల్లంతా ఒకసారి తిరగాలమ్మా," అన్నాడు.

"తిరుగు. నా ఇంట్లో ఏటున్నాది తిరగడానికి? పురుగులు మోసుకొచ్చీదాన్ని మానిపించేసినాను కదా."

"మరి తగ్గినాయా?"

ఆవిడ ఒక కాలి మడమతో రెండో చీలమండ గోక్కుంది.

వీధి వసారాలో నూరు అంకెలు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడ్డాడు. పంచె మీద రెండు. నడిమింట్లో నాలుగు. ఆవిడ మంచం పక్కన ఏడు. వంటింట్లో ఒక్కటీ లేదు. అక్కడికి కుక్కల్ని రానివ్వరు. తరవాత గాదె గది తలుపు తోశాడు.

గది చీకటిగా, చల్లగా, పాత వడ్ల వాసనతో ఉంది. సగం గది నిండా చెక్క గాదె. జానెడున్నర ఎత్తు రాళ్ళ మీద నిలబెట్టారు. దొర అతని కన్నా ముందే లోపలికి వచ్చి, పొట్ట నేలకి ఆనించి, గాదె కిందికి అలవాటుగా జారిపోయింది. కూర్మయ్య గాదె పక్కన నిలబడి లెక్క మొదలుపెట్టాడు. పది దాకా వచ్చేసరికి కాళ్ళ మీద చిటపటమని ఇసక చల్లినట్టు తగిలింది. ముప్పై దాకా కూడా ఆగలేకపోయాడు. వెలుగులోకి వచ్చి చూసుకుంటే పంచె అంచు మీద నల్లటి చుక్కలు, ఎవరో దోసెడు నువ్వులు చల్లినట్టు.

పంచె విదిలించి, మళ్ళీ వెళ్ళి, నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి చాపి గాదె కిందనుంచి గుప్పెడు ధూళి తీశాడు. కాగితంలో పోసి వాకిట్లో ఎండలోకి తెచ్చాడు. ఊక, కుక్క వెంట్రుకలు, ఎలక పెంటికలు, నాలుగు నెలల బూజు. భూతద్దం పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. పంతొమ్మిదేళ్ళలో తను పశువు ఒంటి మీద తప్ప పురుగుని ఇంకెక్కడా వెతకలేదని అతనికి అప్పుడు తోచింది.

"అమ్మా, ఒకసారి ఇలా వచ్చి చూడండి."

లక్ష్మీనరసమ్మ చేతులు కడుక్కుని వచ్చి, అద్దం కళ్ళకి మరీ దగ్గరగా పెట్టుకుంది. అతను అద్దం కొంచెం ఎత్తించాడు.

"ఏటివి? ఉప్పురవ్వల్లాగున్నాయి."

"గుడ్లు. ఆ పక్కన చూడండి, తెల్లగా, దారప్పోగుల్లాగ."

"ఓలమ్మో! పాకుతన్నాయి!" ఆవిడ అద్దం అతని చేతిలో పడేసి రెండడుగులు వెనక్కి వేసింది. మళ్ళీ వెంటనే ముందుకొచ్చి వంగి చూసింది. "ఇవన్నీ పురుగులవుతాయేటి?"

"అవుతాయి. కుక్క ఒంటి మీద పెట్టిన గుడ్లు అది పడుకున్న చోట రాలిపోతాయి. ధూళిలో పెరుగుతాయి. నేను కుక్కకి మందు రాసినాను, దొర ఒళ్ళు బాగుపడింది. మధ్యాన్నానికి వెళ్ళి మళ్ళీ అక్కడే పడుకుంది." అతను కాగితం మడత పెట్టాడు. "బయటినుంచి ఎవరూ మోసుకురాలేదమ్మా. ఇవి ఇక్కడ పుట్టినవే. ఆ రోజు నా మందు పనిచెయ్యలేదంటే చిన్నతనమనిపించి, నోటికొచ్చింది అనేశాను. నిన్న దాలమ్మ ఇంటికి వెళ్ళి చూశాను. ఒక్క పురుగు లేదు. తప్పు నాది."

ఆవిడ మొహంలో కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. ఆవిడ గాదె గది వైపు చూస్తోంది.

"ఆ గది రోజూ తుడిపించినాను కదా," అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

"గది తుడిసిందమ్మా. గాదె కింద తుడవలేదు. ఆషాఢం నించి."

లక్ష్మీనరసమ్మ నెమ్మదిగా అరుగు మీద కూర్చుంది. ఆషాఢం అన్నాక ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. బంగారి వచ్చి ఆవిడ ఒళ్ళో తల పెట్టింది. ఆవిడ చెయ్యి దాని మెడ మీద వెంట్రుకలు అటూ ఇటూ దువ్వుతూ ఉండిపోయింది.

"ఒరే సూరయ్యా!" అని ఉన్నట్టుండి కేకేసింది. "ఇలా రా. గాదె కింద తుడవాల."

సూరయ్య మంచి దిట్టమైన మనిషి. రెండు బస్తాలు ఒక్కసారి ఎత్తుతాడు. తలపాగా తీసి, చీపురు పుచ్చుకుని, బోర్లా పడుకుని, తలా ఒక భుజమూ గాదె కిందికి పెట్టాడు. రెండో భుజం పట్టలేదు. వెనక్కి రాబోతే అదీ కుదరలేదు. "అమ్మా! కుట్టేస్తన్నాయమ్మా!" అని లోపలినుంచి అరుస్తూ కాళ్ళు తన్నుకున్నాడు. దొర అవతలి పక్కనుంచి వచ్చి అతని అరికాళ్ళు నాకింది. కూర్మయ్యా లక్ష్మీనరసమ్మా చెరొక కాలూ పట్టి లాగితే గానీ బయటకి రాలేదు. వచ్చీరాగానే గోక్కుంటూ నూతి దగ్గరికి పరిగెత్తాడు.

"నువ్వెల్తావా?" అంది ఆవిడ కూర్మయ్యతో. కూర్మయ్య తన పొట్ట వైపు చూసుకున్నాడు.

"అయితే నానే ఎల్తాను." అరవై ఏళ్ళ మనిషి చీర బిగించి కట్టుకుని, కొండచీపురు తీసుకుని నేల మీద వాలింది. చీపురు పట్టిన చెయ్యి ఒక మూరెడు లోపలికి వెళ్ళింది. ఒకసారి లాగేసరికి ధూళంతా మొహం మీదికి వచ్చి వరసగా ఎనిమిది తుమ్ములు తుమ్మింది. లేచి కూర్చుని, చెంగుతో కళ్ళు తుడుచుకుని, గాదె కింద చీకట్లోకి చూస్తూ ఉండిపోయింది.

"పద్దెనిమిదేళ్ళు ఇలాగే దూరినాది," అంది.

కూర్మయ్య కొండచీపురు తీసి గోడకి ఆనించాడు.

"సైకిలు ఇక్కడే ఉంచు. ఎల్దాం పద."

*

లక్ష్మీనరసమ్మ గెడ్డ గట్టు వీధికి నడిచి వెళ్ళడం ఆ వీధివాళ్ళు ఎప్పుడూ చూడలేదు. ముందు ఆవిడ, వెనక దొర, దాని వెనక కూర్మయ్య. గుమ్మాల్లో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. దాలమ్మ వాకిట్లో కట్టెలు చీలుస్తోంది. కత్తి కింద పెట్టింది కానీ ఎదురు రాలేదు.

"దాలమ్మా," అంది లక్ష్మీనరసమ్మ. దారిలో ఏమేం అనుకుందో గానీ ఇప్పుడు మాటలు తడుముకుంటోంది. "పురుగులు నీ కాడ్నించి రానేదే. నా గాదె కిందే పుట్టినాయి. కూర్మయ్య అద్దంలో సూపించినాడు."

"ఔనా అమ్మా," అంది దాలమ్మ.

"నువ్వు తుడవడం మానేసినాక పుట్టినాయి."

దాలమ్మ తలదించుకోలేదు. "ఔనమ్మా."

"ఆ గుప్పెడు గింజల గురించి నేనన్న మాట..." లక్ష్మీనరసమ్మ ఆగింది. చుట్టూ మనుషులున్నారు. ఆవిడ ఇంకా కొంచెం గట్టిగా అంది. "అనకూడదు. అన్నాను. అది తప్పే. రా, ఎప్పట్లాగే పన్లోకి రా. గాదె కింద గింజలు నీవే."

దాలమ్మ చేతులకంటిన కట్టెపేళ్ళు దులుపుకుంది. తొందరపడలేదు. కూర్మయ్య ఆవిడ మొహం కేసి చూశాడు. రానంటే? అనడానికి ఆవిడకి హక్కుంది.

"వస్తానమ్మా," అంది చివరికి. "మీ ఇల్లు నాకు కొత్తా ఏటి. గింజలకేటి, ఉంటే ఉంటాయి, నేకపోతే నేదు. అయితే ఒక్క మాట. నేను గాదె కింద దూరినప్పుడు మీరు గుమ్మం కాడ నిలబడకండి. నా ఎనకాతల ఎవరో సూస్తన్నారనుకుంటే నాకు సెయ్యాడదు."

వీధిలో ఎవరో చిన్నగా దగ్గారు. లక్ష్మీనరసమ్మ మొహం ఎర్రబడింది. అందరి ముందూ ఇంత మాట ఆవిడతో ఎవరూ అని ఉండరు. కూర్మయ్య నేల చూశాడు.

"నిలబడను," అంది లక్ష్మీనరసమ్మ.

తిరిగొస్తూ తాయారు ఇంటి ముందు ఆగింది. "ఒసే తాయారూ! పురుగులు నా గాదె కిందవే. దాలమ్మవి కావు. నూతి కాడ అందరికీ సెప్పు. మొన్న ఎంత గట్టిగా సెప్పినావో అంత గట్టిగానూ సెప్పు." తాయారు బదులు చెప్పేలోపల ఇంట్లోకి వెళ్ళిపోయింది.

*

శుక్రవారం పొద్దెక్కకుండానే పని మొదలైంది. ఎలా చెయ్యాలో కూర్మయ్య చెప్పాడు. చాలామటుకు దాలమ్మ దిద్దింది. పొడి ధూళి తుడిస్తే పురుగులు ఎగిరిపోతాయని అతనంటే, తడి ఊక ముందు చల్లి, దానితో పాటు లాగాలని ఆవిడంది. అలాగే చేశారు. దాలమ్మ చెంగు నడుముకి చుట్టి, తలకి గుడ్డ కట్టి, పక్కకి తిరిగి, భుజం ముందు పెట్టి, పాములా గాదె కిందికి జారిపోయింది. లోపలినుంచి చీపురు చప్పుడు సన్నగా, ఆగకుండా వినపడింది.

లక్ష్మీనరసమ్మ వీధరుగు మీద, గాదె గదికి వీపు తిప్పి కూర్చుంది. తన కాళ్ళ మధ్య దొరని ఇరికించుకుని, ఈరుపెనతో మెడ దగ్గరనుంచి దువ్వుతోంది. పళ్ళ మధ్య చిక్కిన పురుగుల్ని పక్కనున్న కిరసనాయిలు నీళ్ళ ముంతలో ముంచుతోంది. కుంకుడురసంతో స్నానం ముందే అయింది. తడిసిన బంగారి సగమై, సిగ్గుపడుతూ ఎండలో నిలబడింది.

"కూర్మయ్యా, ఎంతవరకూ వచ్చినాది?" అంది ఆవిడ వెనక్కి చూడకుండా.

"మీరే చూడొచ్చు కదమ్మా."

"సూడనని మాటిచ్చినాను కదరా." అని నవ్వింది. అది ఆ వారంలో ఆవిడ మొదటి నవ్వు.

మూడు తట్టల ధూళి వచ్చింది. సూరయ్య దాన్ని దూరంగా గొయ్యిలో పోసి నిప్పు పెట్టాడు. చిటచిటమని చాలాసేపు కాలింది. మరిగే వేపాకు నీళ్ళు రాళ్ళ సందుల్లో పోశారు. మంచాలు, బొంతలు, గోనెలు ఎండలో వేశారు. నేలంతా పేడా సున్నమూ కలిపి అలికారు. సాయంత్రానికి కూర్మయ్య ఆ గదిలో పంచెతో నిలబడి నూరూ లెక్కపెట్టాడు. మూడు చుక్కలే.

"అయిపోనాదా?" అంది లక్ష్మీనరసమ్మ.

"కాలేదమ్మా. గుడ్లు కొన్ని మిగిలే ఉంటాయి. ఎనిమిదో రోజుకి పగులుతాయి. అప్పుడు మళ్ళీ ఇదంతా చెయ్యాలి. ఆ పై వారం మరోసారి. ఈసారి మాత్రం నా మందు పనిచేసింది అనను."

చెరిగిన గింజలు దాలమ్మ ఒక చేటలో గుమ్మం దగ్గర పెట్టి, కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయింది. లక్ష్మీనరసమ్మ ఆ చేట కేసి కాసేపు చూసి, సూరయ్యని పిలిచి, వాటిని దాలమ్మ కోళ్ళకి ఇచ్చి రమ్మంది.

*

ఎనిమిదో రోజు కూర్మయ్యకి ఆలస్యమైంది. కోటబొమ్మాళి సంతకని బయల్దేరిన ఒక ఎడ్ల జతలో ఒకదానికి దారిలో గిట్ట చీలి, కట్టు కట్టేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. లక్ష్మీనరసమ్మ ఇంటి ముందు సైకిలు దిగేసరికి వీధంతా సద్దుమణిగి ఉంది. గొయ్యి దగ్గర పొగ అప్పుడే తగ్గుతోంది. పని తను లేకుండానే మొదలైపోయింది.

"అమ్మా!" అని పిలవబోయాడు.

"అరవకు బాబూ," అని లోపలినుంచి దాలమ్మ గొంతు, గాదె కిందనుంచి, బొంగురుగా వినపడింది. "బుగతమ్మ పడుకున్నాది."

నడిమింట్లో, గాదె గది తలుపు బార్లా తెరిచి ఉండగా, లక్ష్మీనరసమ్మ చాప మీద గోడ వైపు తిరిగి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని సన్నగా గురక వస్తోంది. చీర అంచు దగ్గర చీలమండ మీద దద్దుర్లు ఎండి, పొట్టు రాలుతున్నాయి. పక్కనే బంగారి. గుమ్మానికి అడ్డంగా దొర, నాలుగు కాళ్ళూ చాపి, పొట్ట పైకి పెట్టి పడుకుని ఉంది. కూర్మయ్య అక్కడే నిలబడి చూశాడు. ఎంతసేపు చూసినా రెండిట్లో ఒక్కటీ గోక్కోలేదు.

చెప్పులు బయట వదిలి, పంచె పైకి మడిచి, దొరని దాటి లోపలికి వెళ్ళాడు. పొయ్యి మీద వేపాకు నీళ్ళు మరుగుతున్నాయి. కాగు గుడ్డతో పట్టుకుని దించి, చప్పుడు కాకుండా మోసుకొచ్చి గాదె పక్కన పెట్టాడు.

"ఎంత మిగిలింది?" అని నెమ్మదిగా అడిగాడు.

"ఈ మూల ఒక్కటీ," అంది దాలమ్మ. "నీళ్ళు కాసేపు ఉండనీ బాబూ. తొందరేటీ నేదు."